అమ్మే మాట మన నోట ఎందుకు పలకదు?

(చదువుకున్న యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేము మాట్లాడబోయేది భూమి గురించి కాదు. కూలి రేట్ల గురించి కాదు. హాస్టల్ మెస్ చార్జీల గురించీ కాదు. అమ్మకం గురించి. ఇంకా విడమరిచి చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ అమ్మే ఉద్యోగాల గురించి, ఇంకో పనిలో ఉన్న మన పిల్లలు ఆ ఉద్యోగాల్లోకి ఎట్లా పోవాలనే దాని గురించి. "బడిపంతుళ్ళకి ఈ గొడవెందుకు?" అని అనుకునేవాళ్ళు ఉంటారు. ఎందుకో చెప్తాం.

మేము పాఠాలు చెప్పి పంపిన పిల్లలు ఇప్పుడు ముప్పై ఏళ్ళవాళ్ళయ్యారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన వాడల నుంచి ఇంజనీరింగుకి పోయారు, ఎంబీఏకి పోయారు, ఫార్మసీకి పోయారు. గ్రూప్స్ రాశారు, డీఎస్సీ రాశారు, నోటిఫికేషన్ కోసం ఏళ్ళు కాచుక్కూచున్నారు. కొద్దిమందికి వచ్చింది. మిగతావాళ్ళు ఏమయ్యారు? బ్యాగు భుజానేసుకుని డాక్టరు గది ముందు నిలబడే మెడికల్ రెప్‌లయ్యారు. సెల్‌ఫోన్ షాపులో కంపెనీ చొక్కా తొడుక్కుని పొద్దస్తమానం నిలబడే ప్రమోటర్లయ్యారు. రొయ్యల మేత కంపెనీకి చెరువు గట్ల మీద తిరిగే ఫీల్డ్ మనుషులయ్యారు. ఇన్సూరెన్సు ఏజెంట్లయ్యారు. మైక్రోఫైనాన్స్ వసూళ్ళకి పోయి, మన వాడలోనే మన తల్లుల గుమ్మం ముందు బండి ఆపాల్సి వచ్చి తలొంచుకున్నవాళ్ళూ ఉన్నారు. చెప్పులు అరిగాయి, బండి టైర్లు అరిగాయి, జీతం మాత్రం పెరగలా. వాళ్ళొచ్చి అడుగుతున్నారు: "మాస్టారూ, కోడింగ్ రానోళ్ళక్కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సేల్స్ ఉద్యోగాలు ఉంటాయంట గదా, మాలాంటోళ్ళకి ఇస్తారా?"

వెళ్ళినవాళ్ళని అడిగాం. వెళ్ళలేక తిరిగొచ్చినవాళ్ళనీ అడిగాం. మాకు అర్థమైంది రెండు మాటల్లో చెప్తాం. మొదటిది: ఆ తలుపు తెరిచేది కోడింగ్ కాదు, ఇంగ్లీషు యాసా కాదు. ఇన్నాళ్ళూ మీరు చేసిన పనే ఆ తలుపు తెరుస్తుంది. ఆ పనిని మీరే చిన్నతనంగా తలచి దాచుకుంటున్నారు. రెండోది: ఆ తలుపు దగ్గర కులం కాపలా కాస్తా ఉంది. దాన్ని ఒంటరిగా దాటటం కష్టం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసుగా దాటాలి.

అమ్మకం అంటేనే కులం ప్రశ్న

మన తాతలు ఏం చెయ్యలేదు? చెప్పులు కుట్టారు, మోకులు పేనారు, మోట బావికి తోలు తొండం కట్టారు, ముతక గుడ్డ నేశారు. సరుకు చేసింది మన చేతులు. ధర చెప్పింది మాత్రం మన నోరు కాదు. కల్లం దగ్గర దోసిలి పడితే మేర కొలిచిపోశారు. ఎంత పోస్తే అంత. "నా చెప్పుల జత ఇంత" అని చెప్పే హక్కు మాదిగ చిన్నోడికి ఊళ్ళో ఎప్పుడన్నా ఉందా? మన ఇంటి పాలు ఊరు కొనలా. మన చేతి కాఫీ ఊరు తాగలా. మనం హోటల్ పెడితే గిరాకీ రాలా. వాళ్ళ హోటల్లో మనకి వేరే గ్లాసు పెట్టారు. అంటే మిత్రులారా, అంటరానితనం గుడి దగ్గరా బావి దగ్గరా మాత్రమే లేదు. బజారులో కూడా ఉంది. కొనేవాడికి మన చెయ్యి పనికిరాలేదు, మన మాట పనికిరాలేదు.

ఇది చదువులేని కాలం ముచ్చట అనుకోకండి. బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివారు. 1917లో లండన్ నుంచి తిరిగొచ్చి, బరోడా కొలువులో అవమానపడి బయటికొచ్చాక, బొంబాయిలో షేర్ల మీద, పెట్టుబడుల మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టారు. ఆ రోజుల్లో దేశంలో అంత అర్థశాస్త్రం తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? అయినా ఆయన అంటరానివాడని తెలిసేసరికి ఖాతాదారులు రావటం మానేశారు. ఆయన సలహాలో తప్పేమీ లేదు. కొనేవాడి కంట్లో ఉంది తప్పు. అందుకే మేము ఇది వట్టి ఉద్యోగాల ముచ్చటగా చూడటం లేదు. మనిషి మనిషితో మాట్లాడి, నమ్మకం కలిగించి, ధర చెప్పి, సంతకం పెట్టించే పని ఇది. మనకి వద్దన్న పని ఇదే.

అసలు ఈ పని ఏంటి?

సాఫ్ట్‌వేర్ అమ్మకం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒకప్పుడు కంప్యూటర్ కొంటే సాఫ్ట్‌వేర్ దాంతోపాటే ఇచ్చేసేవాళ్ళు. 1969 జూన్‌లో ఐబీఎం కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి విడిగా ధర కడతామని ప్రకటించింది. దాంతో సాఫ్ట్‌వేర్‌ని విడి సరుకుగా అమ్మే వ్యాపారం ఊపందుకుంది. ఆ ఐబీఎంని నిలబెట్టిన థామస్ వాట్సన్ ఎవరో తెలుసా? మొదట్లో గుర్రబ్బండి మీద ఊరూరా తిరిగి పియానోలు, కుట్టుమిషన్లు అమ్మినవాడు. తర్వాత కొట్లలో గల్లాపెట్టె యంత్రాలు అమ్మాడు. 1914లో లెక్కల యంత్రాల కంపెనీ పగ్గాలు పట్టాడు. 1924లో దాని పేరే ఐబీఎం అయింది. కుట్టుమిషన్లు అమ్మినవాడు కంప్యూటర్ కంపెనీకి పెద్ద అయ్యాడు! తెల్లవాడు కాబట్టి అతని ముఖాన తలుపు వెయ్యలేదు, అది వేరే మాట. మేము చెప్పేది, వేరే వ్యాపారం నుంచి ఇందులోకి రావటం కొత్త సంగతి కాదని. ఈ రంగం పునాదిలోనే అది ఉంది.

1999లో అమెరికాలో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ పుట్టింది. సాఫ్ట్‌వేర్‌ని డబ్బాలో పెట్టి అమ్మటం కాదు, ఇంటర్నెట్ మీద అద్దెకిద్దాం అన్నది దాని పద్ధతి. ఇవాళ ఎక్కువ కంపెనీలు ఆ దారే పట్టాయి. చెన్నైలో పుట్టిన జోహో, ఫ్రెష్‌వర్క్స్ అట్లాంటివే. మన హైదరాబాదులో పుట్టి, ఉద్యోగుల హాజరు, జీతాల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ అమ్మే డార్విన్‌బాక్స్, కేకా అట్లాంటివే. అద్దె అంటే ఏంటి? ఇల్లు అద్దెకిచ్చినట్టే. అద్దెకున్నవాడు ఖాళీ చేసిపోకుండా చూసుకోవాలి, కొత్తవాళ్ళని తెచ్చుకోవాలి. ఆ రెండిటికీ మనుషులు కావాలి.

అందుకని పనిని ముక్కలు చేశారు. సేల్స్‌ఫోర్స్‌లో పనిచేసిన ఆరన్ రాస్ అనే ఆయన 2011లో పుస్తకం రాశాక ఈ విభజన బాగా ప్రచారమైంది. కొనేవాళ్ళని వెతికి, ఫోన్ చేసి, మెయిల్ రాసి, మాట్లాడటానికి టైము ఖాయం చేసేవాళ్ళు ఒకరు. వీళ్ళని ఎస్‌డీఆర్ అనో బీడీఆర్ అనో పిలుస్తారు. బయట నుంచి వచ్చేవాళ్ళకి మామూలుగా ఇదే మొదటి మెట్టు. బేరం నడిపి సంతకం పెట్టించేవాళ్ళు అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌లు. సరుకు ఎట్లా పనిచేస్తుందో విప్పి చూపించేవాళ్ళు ప్రీ-సేల్స్. కొన్నవాడు వదిలిపోకుండా చూసేవాళ్ళు కస్టమర్ సక్సెస్. ఇందులో ఒక్క ప్రీ-సేల్స్‌కే సాంకేతిక విషయం కాస్త లోతుగా తెలియాలి. మిగతావాటికి కావాల్సింది మనిషి మాట వినటం, వదలకుండా వెంటపడటం, లెక్క రాసిపెట్టుకోవటం.

మెడికల్ రెప్ ఏం చేస్తాడు? రోజుకి పదిమంది డాక్టర్లని కలుస్తాడు. రెండు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్తాడు. రాత్రికి రిపోర్టు పంపుతాడు. స్టాకిస్టు దగ్గర సరుకు కదిలిందో లేదో చూస్తాడు. నెలాఖరుకి టార్గెట్ లెక్క చెప్తాడు. సాఫ్ట్‌వేర్ సేల్స్‌లో చేసేదీ అదే, పేర్లే వేరు. డాక్టర్ లిస్టుని అక్కడ లీడ్స్ అంటారు. ఎవరు కొనే దాకా వచ్చారో, ఎవరు మధ్యలో ఉన్నారో చూపే వరసని పైప్‌లైన్ అంటారు. మీరు రాత్రిపూట నింపే రిపోర్టుని వాళ్ళు సీఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్‌లో నింపుతారు. పేరు చూసి బెదరకండి. బెదిరించటానికే కొందరు ఆ పేర్లు వాడతారు.

మీ పాత పనే మీ పెట్టుబడి

మాకు తెలిసిన ఒక అబ్బాయి సంగతి చెప్తాం. కూలీల బిడ్డ. ఎనిమిదేళ్ళు మెడికల్ రెప్‌గా చేశాడు. సాఫ్ట్‌వేర్ సేల్స్‌కని రెండు కంపెనీల్లో ఇంటర్వ్యూకి పోయాడు. రెండుచోట్లా ఇంగ్లీషులో బట్టీపట్టిన నిర్వచనాలు అప్పజెప్పాడు. రెండుచోట్లా పంపించేశారు. మూడోది ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. "నేను ముప్పై పడకల నర్సింగ్ హోమ్ ఓనర్‌ని అనుకో, నాకు అమ్ము" అన్నారు. ఈ అబ్బాయి సాఫ్ట్‌వేర్ గొప్పలు ఏమీ చెప్పలా. ఒక ప్రశ్న అడిగాడు: "సార్, మీ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ బిల్లు కొర్రీ పడి తిరిగొస్తే మళ్ళీ పంపేది ఎవరండీ?"

అవతలాయన దగ్గర జవాబు లేదు. అప్పుడు అబ్బాయి చెప్పాడు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన కాడ్నించి చిన్న ఆసుపత్రుల్లో కాగితం పని ఎట్లా పెరిగిందో చెప్పాడు. కేస్ షీట్‌లో ఒక్క సంతకం తప్పితే, డిశ్చార్జ్ కాగితంలో ఒక్క తేదీ తేడా వస్తే డబ్బు ఎట్లా ఆగిపోతుందో చెప్పాడు. ఆ ఫైళ్ళు చూసే గుమాస్తా సెలవు పెడితే ఓనర్ ఎంత కంగారు పడతాడో చెప్పాడు. ఎనిమిదేళ్ళు డాక్టర్ల గదుల బయట బెంచీ మీద కూర్చుని కళ్ళారా చూసిందే చెప్పాడు. ఉద్యోగం ఇచ్చారు. మొదట్లో జీతం పాతదానికంటే పెద్దగా ఎక్కువేం కాదు. అయినా ఎండలో బండి మీద తిరగటం తప్పింది, పైకి పోయే మెట్టు దొరికింది.

ఇందులో నీతి ఏంటి? ఆ బెంచీ మీద కూర్చున్న ఎనిమిదేళ్ళు వృథా కాలేదు. ఏసీ గదిలో పెరిగి ఎంబీఏ చదివిన పిల్లవాడికి ఆ బెంచీ తెలియదు. కాబట్టి మొదటి సూత్రం: మీరు ఏ వ్యాపారం నుంచి వచ్చారో ఆ వ్యాపారానికే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీని వెతకండి. మందుల నుంచి వచ్చినవాళ్ళు ఆసుపత్రి, మెడికల్ షాపు సాఫ్ట్‌వేర్‌కి పోండి. రొయ్యల చెరువుల మీద తిరిగినవాళ్ళకి మేత ఎంత పడింది, అప్పు ఎంత పెరిగింది అనే లెక్క రైతు ఎట్లా రాసుకుంటాడో తెలుసు. సాగు లెక్కలు, డీలర్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌కి పోండి. ప్రైవేటు బడుల్లో పనిచేసినవాళ్ళకి ఫీజు బకాయిల బాధ తెలుసు. బడుల సాఫ్ట్‌వేర్‌కి పోండి.

బీకాం వాళ్ళకి ఇంకో దారి ఉంది. టాలీ పేరు వినని కొట్టు ఉందా? 1986లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్ పట్టణాల్లో పార్ట్‌నర్లనే స్థానిక వ్యాపారుల ద్వారా అమ్ముడుపోతుంది. ప్రభుత్వం ఒక రూలు మార్చిందంటే కొట్టువాడికి కొత్త అవసరం పుడుతుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి అయిదు కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారులందరికీ ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి చేశారు. అట్లాంటి రోజు కొట్టువాడి దగ్గరికి పోయి, వాడి భాషలో, తెలుగులో, రూలు విప్పి చెప్పగలిగినవాడి మాటకి విలువ. పట్టణంలో ఇట్లాంటి పార్ట్‌నర్ దగ్గర ఏడాది, రెండేళ్ళు చేసి, "సాఫ్ట్‌వేర్ అమ్మాను" అనే అనుభవంతో హైదరాబాదుకి పోవటం నేరుగా ఎగరబోయి పడటం కంటే మేలు.

ఇప్పుడు మెయిళ్ళు రాసే పని, పేర్లు వెతికే పని కృత్రిమ మేధ చేస్తా ఉంది. వట్టి మెయిళ్ళు పంపటమే వచ్చినవాళ్ళకి గడ్డుకాలం. అవతలివాడి వ్యాపారం లోపల ఏ నొప్పి ఉందో తెలిసినవాళ్ళకి మాత్రం ఇంకా చోటుంది.

తలుపు దగ్గర కాపలా

ఇక రెండో మాట. "ప్రైవేటు కంపెనీలో కులం ఎక్కడుంది మాస్టారూ, టాలెంట్ ఉంటే చాలు" అని మన పిల్లలే అంటున్నారు. వినండి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ఒక పరిశోధన అచ్చేశారు. పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు సమానం, అర్హతలు సమానం. పేర్లు మాత్రం వేరు. కొన్ని అగ్రవర్ణ పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ పేరుతో పోలిస్తే 0.67 వంతే. మనిషిని చూడలేదు, మాట వినలేదు. పేరు చూశారు, అంతే!

అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లని కూర్చోబెట్టి అడిగారు. అందరూ "మాకు మెరిటే ముఖ్యం" అన్నారు. మళ్ళీ వాళ్ళే "కుటుంబ నేపథ్యం చూస్తాం" అన్నారు. నాన్న ఏం చేస్తాడు, అన్నదమ్ములు ఏం చదివారు, ఎక్కడ పెరిగారు! మెరిట్ అని నోటితో అంటారు, వంశం చూసి కొలుస్తారు. సేల్స్‌లో ఇది ఇంకా ముదురుతుంది. "కస్టమర్ ముందు నిలబడాలి గదా, కల్చర్‌కి సరిపోవాలి గదా" అంటారు. ఆ కల్చర్ ఎవరిదో మనకి తెలియదా?

దీనికి తోడు రిఫరల్ అని ఒకటుంది. లోపల ఉన్న ఉద్యోగి తన మనిషి పేరు చెప్తాడు. ఆ మనిషి చేరితే చెప్పినవాడికి చాలా కంపెనీలు డబ్బు కూడా ఇస్తాయి. లోపల ఎవరున్నారు? వాళ్ళ బావమరుదులు, వాళ్ళ బాబాయి కొడుకులు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ చుట్టుపక్కల లేచిన అద్దాల మేడలకి ఇసుకా ఇటుకా మోసినవాళ్ళలో పాలమూరు కూలీలున్నారు, మన అమ్మలున్నారు. ఆ మేడల లోపల మనకి చెప్పే బావమరిది లేడు. రాజ్యాంగం 16(4) అధికరణం ఇచ్చిన రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగం గుమ్మం దాకే వస్తుంది, ఈ గుమ్మం దాకా రాదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కోసం పోరాటం నడవాల్సిందే. అది వచ్చేదాకా పిల్లలు ఆకలితో కూర్చోలేరు గదా!

"మరి పేరు దాచుకోమంటారా?" అని అడుగుతారు. సర్టిఫికెట్టులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు, వాడలో ఒక పేరు ఉండటం మనకి కొత్త కాదు. ఇంటిపేరుని పొట్టి అక్షరం చేసుకుంటే తప్పని మేము అనం. ఎవరి బతుకు వాళ్ళది. ఇంకొకళ్ళ ఇంటిపేరు తగిలించుకోవద్దు. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర, పెళ్ళి కార్డు పంచేటప్పుడు, ఊరి పేరు అడిగినప్పుడు రోజూ ఆ అబద్ధాన్ని మొయ్యాలి. అమ్మేవాడికి గుండె తేలిగ్గా ఉండాలి. "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే, "తాపీ పని చేస్తారండీ. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే" అని నదురూ బెదురూ లేకుండా చెప్పండి. అక్కడే ఆగకుండా, "నేను కిందటేడు ఇన్ని టార్గెట్లు పూర్తిచేశాను" అని మీ లెక్క మీద కూర్చోండి. వంశం అడిగినవాడికి లెక్కతో జవాబు చెప్పాలి.

చెయ్యాల్సింది

ఒకటి. మీ లెక్కలు రాసుకోండి. రోజుకి ఎంతమందిని కలిశారు, టార్గెట్ ఎంత, చేసింది ఎంత, కొత్త డీలర్లని ఎంతమందిని తెచ్చారు. ఒక్క కాగితం చాలు. "కష్టపడి పనిచేస్తాను" అని రాయొద్దు. కష్టపడకుండా మన వాడలో ఎవరు బతికారు? లెక్క రాయండి.

రెండు. డబ్బు పెట్టకుండా నేర్చుకునేది చాలా ఉంది. సేల్స్‌ఫోర్స్ వాళ్ళ ట్రైల్‌హెడ్, హబ్‌స్పాట్ వాళ్ళ అకాడమీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పాఠాలు చెప్తాయి. హబ్‌స్పాట్ సీఆర్ఎం ఉచితంగా వాడుకోవచ్చు. మీ పాత కస్టమర్ల జాబితాని కాదు, అది పాత కంపెనీది, దాన్ని ఎత్తుకురావద్దు. ఉత్తుత్తి పేర్లు వేసి నెల రోజులు నడిపి చూడండి. ఇంటర్వ్యూలో "సీఆర్ఎం తెలుసా?" అంటే చేత్తో చేసి చూపించొచ్చు.

మూడు. ఇంగ్లీషు. అమెరికా వాళ్ళకి రాత్రిపూట ఫోన్లు చేసే ఉద్యోగానికి ఇంగ్లీషు బాగా కావాలి, కాదనం. మన దేశంలోనే అమ్మే కంపెనీలు బోలెడున్నాయి. అక్కడ తెలుగూ హిందీ పెట్టుబడి. తెలంగాణ పిల్లలకి హిందీ నోటి మీద ఉంటుంది, కోస్తా పిల్లలు కూడా పట్టుకోవాలి. ఇంగ్లీషులో ముందు ఒక ఇరవై వాక్యాలు సొంతంగా తయారుచేసుకోండి: మీరెవరు, ఏం అమ్మారు, ఎందుకు మారుతున్నారు. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు కొనేవాడుగా, ఒకరు అమ్మేవాడుగా రోజూ అరగంట మాట్లాడుకోండి. యాస పోనక్కర్లేదు, తడబాటు పోవాలి.

నాలుగు. ఎవరికీ డబ్బు కట్టొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాం. అమీర్‌పేటలో నేర్పేవాళ్ళున్నారు, మంచిదే. "ఉద్యోగం ఖాయం, లక్ష కట్టు, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం" అనేవాళ్ళూ ఉన్నారు. డ్వాక్రా అప్పు తెచ్చి కట్టిన తల్లులని మేము చూశాం. బోర్డు తీసేసి పోయినవాడి గది తాళం ముందు నిలబడి ఏడ్చిన పిల్లలని చూశాం. ఉద్యోగమిచ్చేవాడు జీతమివ్వాలి గాని మన దగ్గర తీసుకోవటమేంటి? ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఎవరి చేతికీ వదలొద్దు. చూపించండి, నకలు ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి.

అయిదు. ఆఫర్ కాగితం చదవండి. ఏడాదికి ఆరు లక్షలు అన్నారనుకోండి. అందులో ఖాయంగా వచ్చేది ఎంత, టార్గెట్ చేస్తే వచ్చేది ఎంత? ఖాయం మూడు లక్షల అరవై వేలైతే నెలకి ముప్పై వేలు, అందులోనూ కోతలుంటాయి. మిగతా రెండు లక్షల నలభై వేలు గాల్లో ఉన్నట్టే. సగం టార్గెట్ చేస్తే సగం ఇస్తారా, అసలేమీ ఇవ్వరా? కొన్నవాడు మధ్యలో మానేస్తే ఇచ్చిన కమీషన్ వెనక్కి లాక్కుంటారా? ఇప్పుడు ఉన్నవాళ్ళలో ఎంతమంది టార్గెట్ అందుకుంటున్నారు? ఇవి అడగటం అమర్యాద కాదు. ఇంటికి పంపే డబ్బు, హైదరాబాదు హాస్టల్ అద్దె లెక్క వేసుకునేది ఖాయం జీతం మీదే.

ఆరు. ఏం అమ్ముతున్నారో చూసుకోండి. "సాఫ్ట్‌వేర్ సేల్స్" అని పిలిచి, పేద తల్లిదండ్రులకి అప్పు మీద కోర్సులు అంటగట్టించే కంపెనీలుంటాయి. అమ్మే తీరు మీద ఫిర్యాదులొచ్చి 2022 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ బైజూస్ అధిపతిని పిలిపించింది. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా విచారణకి పోయింది. మన వాడ తల్లి చేత సంతకం పెట్టించి తెచ్చే కమీషన్ మనకి అరగదు.

చెల్లెళ్ళకి ఒక మాట. ఫోన్ మీద, వీడియో మీద నడిచే అమ్మకాల్లో మీకు చోటుంది. కస్టమర్ సక్సెస్‌లో మరీ ఉంది. రాత్రి డ్యూటీ అయితే ఇంటి దాకా బండి పంపుతారా, మీటింగులకి ఊళ్ళు పంపితే బస ఎవరు చూస్తారు, ఫిర్యాదు చేస్తే వినే కమిటీ ఉందా అనేవి కాగితం మీద అడగండి. ఇంట్లోవాళ్ళకి మేము చెప్తాం. మీ నాన్నలతో మాట్లాడే బాధ్యత పంతుళ్ళది.

గొలుసు

ఇదంతా విముక్తి అని మేము అనటం లేదు. టార్గెట్ తప్పితే తీసేస్తారు. మార్కెట్ పడిపోతే ముందు పోయేది మొన్న చేరినవాడే. ఇది ఉద్యోగం, ఉద్యమం కాదు. కాని లోపలికి పోయిన ప్రతి ఒక్కరూ బయటున్న మనవాళ్ళకి కిటికీ అవుతారు. అగ్రవర్ణాల వాళ్ళకి బావమరిది ఉన్నాడు, మనకి సంఘం ఉంది. లోపలికి పోయినవాళ్ళు ఏడాదికి ఇద్దరి పేర్లు రిఫరల్‌లో ఇవ్వాలి. నెలకి ఒక ఆదివారం ఫోన్‌లో కొత్తవాళ్ళతో ఉత్తుత్తి ఇంటర్వ్యూ చెయ్యాలి. ఎక్కడ ఖాళీ ఉందో, ఏ కంపెనీలో ఎట్లా చూస్తారో, ఎక్కడ నాన్న పని అడుగుతారో చెప్పాలి. ఊళ్ళో అంబేద్కర్ భవనం ఉంది గదా! జయంతికీ వర్ధంతికీ దండ వెయ్యటానికేనా అది? రెండు పాత కంప్యూటర్లు పెట్టి, సాయంత్రం పూట ఈ పిల్లలకి కూర్చునే చోటు ఇవ్వాలి. ఉద్యోగాల్లో ఉన్న మేము నెలకి కొంత వేసుకుని కరెంటు బిల్లు, నెట్ బిల్లు కడతాం. ఈ మాట ఇక్కడే, మీ అందరి ముందే అంటున్నాం.

మన తాత చెప్పులు కుట్టి ఇస్తే ధర ఇంకొకడు చెప్పాడు. మన అమ్మ కలుపు తీస్తే కూలి ఇంకొకడు చెప్పాడు. ఇవాళ మన పిల్ల ఒక పెద్ద ఆసుపత్రి ఓనర్ ఎదురుగా, సమానమైన కుర్చీలో కూర్చుని, "దీని ధర ఇంతండీ, ఇంతకంటే తగ్గదు" అని చెప్పాలి. అతను బేరం ఆడాలి. ఆమె నవ్వి, తల అడ్డంగా ఊపాలి. మిత్రులారా, ఆ ఒక్క మాట పలకటానికి మనకి ఎన్ని తరాలు పట్టిందో లెక్కేసుకోండి. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి మీ లెక్కల కాగితం రాసుకుని భవనానికి రండి. పని మొదలుపెడదాం.

జై భీమ్!